లసోటా కంటి చుక్కలు: మందు మంచిదే, ఐసులో పెట్టి ఇస్తేనే

కొక్కెర తెగులు పెరట్లో దూరితే గంప కింద కోడి మిగలదు. సంక్రాంతి ముందు భీమవరం, పాలకొల్లు, రాజోలు వైపు కోళ్లు చేతులు మారేటప్పుడు ఈ భయం మరీ ఎక్కువ. ఈ తెగులు రాకుండా వేసే టీకాయే లసోటా. పశువుల మందుల షాపుల్లో దొరికే దాని 100 డోసుల సీసాకు 5కి 4 మార్కులు ఇవ్వొచ్చు.

సీసాలో ఉన్నది బలం తక్కువైనా బతికున్న వైరస్. అది చచ్చిందంటే మీరు వేసేది ఉత్త నీళ్లే. ఎప్పుడూ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. పాడైన సీసా చూడ్డానికి బాగున్నట్టే ఉంటుంది, చిక్కల్లా అక్కడే. కరెంటు పోతే మీ ఫ్రిజ్ సంగతేంటని షాపులో మొహమాటం లేకుండా అడగండి. ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కు లేకుండా కొనడానికి వెళ్లొద్దు.

3 మి.లీ. చల్లటి డైల్యుయెంట్ (టీకాను కరిగించే ద్రవం) కలిపితే సుమారు 100 చుక్కలొస్తాయి. 5–7 రోజుల కోడిపిల్లకు ఒక కంట్లో ఒక చుక్క. పిల్ల కన్ను ఆర్పి, చుక్క లోపలికి ఇంకాకే వదలాలి. కంటి వెనకున్న గ్రంథి అక్కడికక్కడే యాంటీబాడీలు (వైరస్‌ని పట్టేసే రక్షక పదార్థాలు) తయారుచేస్తుంది. తాగే నీళ్లలో కలిపి పెడితే ఏ పిల్ల ఎంత తాగిందో తెలీదు, పైగా కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే వైరస్ చస్తుంది.

"టీకా వేసినా పోయాయి" అనే ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. టీకా పడ్డ తల్లికోడి యాంటీబాడీలు పచ్చసొన ద్వారా పిల్లకు వస్తాయి. అవి టీకా వైరస్‌ని కూడా పట్టేస్తాయి, దాంతో పిల్ల ఒళ్లు సొంతంగా నేర్చుకునేది తగ్గుతుంది. మూడు నాలుగు వారాలకు అవి తరిగిపోతాయి కాబట్టే 28వ రోజున రెండో చుక్క. అది ఎగ్గొట్టి మందుని తిడితే ఎలా? చుక్క పడ్డాక గట్టి రక్షణకు రెండు వారాలైనా పడుతుంది. ఈలోగా కాస్త తుమ్మితే కంగారొద్దు.

6–8 వారాలకు ఇదే తెగులుకి మరో టీకా, ఆర్‌టూబీ సూది, 0.5 మి.లీ. చర్మం కింద. అది ఘాటు మందు. పసి కోడిపిల్లలకు పొడిస్తే జబ్బు మనమే అంటించినట్టు.

మార్కు తగ్గింది సీసా సైజుకి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మరి పన్నెండు పిల్లలున్న ఇంటికి 100 డోసులెందుకు? వీధిలో నలుగురూ ఒకే పూట వేయించుకుంటే గిట్టుబాటు. బొబ్బ తెగులుకీ, గంబోరో అనే మరో కోళ్ల జబ్బుకీ లసోటా పనిచేయదు. మిగిలిన మందుని సీసాతో సహా నీళ్లలో మరిగించి పారేయండి, కాలవలో విసరొద్దు.