క్రాక్ గేమా, సేల్‌లో కొన్నదా, ‘ఫ్రీ’ గేమా: ఏది మేలు?

నల్లగొండలోనో పాలమూరులోనో ఇంజనీరింగ్ చదివే పోరగాడి చేతికి కొత్త లాప్‌టాప్ వచ్చిందంటే, వారం తిరగకముందే ఎవడో ఒక దోస్తు హార్డ్‌డిస్క్ పట్టుకొని రూముకొస్తాడు. “గేముకు పైసలు పెట్టుడేంది తమ్మీ, నా దగ్గర రీప్యాక్ ఉన్నది” అంటాడు. పెద్ద కంపెనీల కొత్త గేమ్ మూడు నుంచి ఐదు వేలు పలుకుతుంటే, ఇంటి నుంచి వచ్చే పైసలతో నెల గడిపేవాడికి ఆ మాట తీయగానే ఉంటుంది. వాడి ముందున్న దారులు మూడు: క్రాక్ కాపీ (కంపెనీ వేసిన తాళం పగలగొట్టి పంచే దొంగ కాపీ; దోస్తు చెప్పే రీప్యాక్ దాన్నే సైజు కుదించింది), ధర తగ్గించే సేల్ దాకా ఆగి కొనడం, ఫోన్లో దొరికే ‘ఫ్రీ’ గేమ్.

చట్టం సంగతి తొందరగా ముగించేద్దాం. 1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కూడా వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. లాభం కోసం కాకుండా సొంతానికి వాడుకున్నాడని తేలితే జైలు లేకుండా యాభై వేల లోపు జరిమానాతో వదిలే వీలు కోర్టుకుంది. హాస్టల్ రూములో ఆడుకునేవాడిని పట్టుకోవడానికి పోలీసులు రారు. అందుకే భయం పక్కనపెట్టి, నష్టం ఎవరికి ఎంత అన్నది చూడాలి.

లక్ష మంది డౌన్‌లోడ్ చేస్తే లక్ష కాపీల అమ్మకం పోయినట్టే అని కొందరు లెక్క చెబుతారు. అది తప్పుడు లెక్క. కొనే స్తోమతే లేనివాడు డౌన్‌లోడ్ చేసుకుంటే అక్కడ పోయిన అమ్మకం లేదు. యూరోపియన్ కమిషన్ చేయించి, 2017లో బయటికొచ్చిన అధ్యయనంలో కొత్త సినిమాలకు నష్టం కనిపించింది గానీ, గేములకు అలాంటి గట్టి ఆధారం దొరకలేదు. అయితే 2024లో వచ్చిన మరో పరిశోధన కాపీ కొట్టకుండా అడ్డుకునే డెనువో అనే సాఫ్ట్‌వేర్ తాళం వేసిన పీసీ గేములను లెక్కగట్టింది. విడుదలైన మొదటి వారంలోనే తాళం పగిలితే రాబడిలో సగటున 20 శాతం దాకా పోతోందట. పన్నెండు వారాల తర్వాత పగిలితే నష్టం దాదాపు లేదు. రెండూ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: ఐదేళ్ల కిందటి పెద్ద గేమును ఒక స్టూడెంట్ క్రాక్ చేసుకుంటే ఆ కంపెనీకి ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. మొన్న విడుదలైన గేమును, జీతం తీసుకునేవాడు క్రాక్ చేసుకుంటే మాత్రం అది పక్కా నష్టం.

చిన్నవాళ్ల లెక్క వేరు. 2013లో గ్రీన్‌హార్ట్ గేమ్స్ అనే బుల్లి స్టూడియో ‘గేమ్ డెవ్ టైకూన్’ విడుదల చేస్తూ, ఒక క్రాక్ కాపీని తనే టొరెంట్లలో (జనం ఒకరితో ఒకరు ఫైళ్లు పంచుకునే చోట) వదిలింది. మొదటి రోజు కొన్నవాళ్లు 214 మంది, దొంగ కాపీ ఆడినవాళ్లు 3,104 మంది. ఆ దొంగ కాపీలో ఆటగాడు నడిపే గేమ్ కంపెనీ పైరసీ వల్లే దివాలా తీస్తుంది. “మా గేములు ఎవరూ కొనట్లేదు, ఏం చెయ్యాలి?” అని ఆ దొంగ కాపీ ఆడేవాళ్లే వాపోయారు! మన దేశంలో 2020లో ‘రాజీ’ తీసిన పుణె స్టూడియో నోడింగ్ హెడ్స్ అంతకుముందు జనం దగ్గర చందాలు అడిగి, అనుకున్న మొత్తం రాక ఇబ్బంది పడింది. అలాంటి చోట నూరు కాపీలు తగ్గినా తెలుస్తుంది. ఇవాళ మన జిల్లాల నుంచి హైదరాబాద్ పోయి గేమ్ డిజైన్ నేర్చుకునే పిల్లలు రేపు పనిచేసేదీ చాలావరకు ఇట్లాంటి చోటే.

పోచంపల్లి ఇక్కత్ దగ్గర కూడా ఇదే పేచీ. మిల్లు గుడ్డ మీద ఇక్కత్ డిజైన్ అచ్చుకొట్టిన చీరను తక్కువ ధరకు కొనే ఆమె అసలు పట్టుచీర ఎట్లాగూ కొనేది కాదు. ఆమె వల్ల నేతగానికి పోయిందేం లేదు. అసలుది కావాలని వచ్చినామెకు “ఇది పోచంపల్లేనమ్మా” అని అచ్చుచీర అంటగట్టే దుకాణదారే కొంప ముంచేది. గేముల్లోనూ క్రాక్ కాపీలు పెన్‌డ్రైవ్‌కు నింపి పైసలు తీసుకునే షాపు, వాటినే పెట్టి గంటకింత అని వసూలు చేసే గేమింగ్ సెంటర్ నా లెక్కలో స్టూడెంట్ కన్నా పెద్ద దోషులు. జనం ఖర్చు పెట్టడానికి సిద్ధపడి తెచ్చిన సొమ్ము తయారుచేసినవాడికి చేరకుండా మధ్యలోనే ఆగిపోతోంది కదా.

ఇక క్రాక్ వల్ల ఆడేవాడికే తగిలే దెబ్బ. క్రాకొనాష్ అనే మాల్వేర్ (వైరస్ లాంటి దొంగ ప్రోగ్రామ్) సంగతి 2021లో యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్ బయటపెట్టింది. జీటీఏ 5 లాంటి గేముల క్రాక్ కాపీల్లో దాక్కొని, యాంటీవైరస్‌ను చంపేసి, రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో వాటి శక్తినే వాడుకొని మోనెరో అనే క్రిప్టో కరెన్సీ తవ్వుకుంది. దాని వెనకున్నవాళ్లు 20 లక్షల డాలర్లకు పైగా సంపాదించారు. కరెంటు బిల్లు మాత్రం ఆడేవాళ్లది. “ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆఫ్ చెయ్యి” అని దోస్తు చెప్పే ఆ లాప్‌టాప్‌లోనే ప్రాజెక్టు ఫైళ్లు, నాన్న నెట్ బ్యాంకింగ్ ఉంటాయి.

కొనడం మునుపటంత కష్టం కాదు. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో 2015 నుంచి రూపాయల్లో ధరలున్నాయి, యూపీఐ నడుస్తుంది. కొన్న 14 రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు. ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని చేసిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ మామూలు రోజుల్లోనే ఐదొందల లోపు. పైరసీ చాలావరకు ధర సమస్య కాదు, సేవ సమస్య అని స్టీమ్ అధినేత గేబ్ న్యూవెల్ 2011లో అన్నాడు. ధర సంగతి ఆయనకు తేలిక, మనకు కాదు. సేవ సంగతిలో మాత్రం నిజముంది. పోలండ్‌లో సీడీ ప్రాజెక్ట్ 1999లో ‘బాల్డుర్స్ గేట్’ను పోలిష్ నటులతో మాట్లాడించి అమ్మింది, దొంగ సీడీలు రాజ్యమేలే బజారులోనే జనం అసలుది కొన్నారు. పెద్ద గేముల్లో తెలుగు వినిపించేలా చేసే పని ఇంకా ఎవరూ గట్టిగా తలకెత్తుకోలేదు.

కొన్నది మనదే అన్న భరోసా కూడా పూర్తిగా లేదు. యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆన్‌లైన్‌లోనే నడిచే ‘ది క్రూ’ గేమ్ సర్వర్లు ఆపేశాక పైసలు పెట్టి కొన్నవాళ్లకు కూడా ఆ గేమ్ ఆడే దారి లేకుండా పోయింది. అందుకే తాళం లేని, మన దగ్గరే దాచుకోగల కాపీ ఇచ్చే జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణంలో అదే గేమ్ దొరికితే అక్కడ కొనడం నయం.

ఫోన్లో ఆడే తుపాకీ యుద్ధాల గేమ్ బీజీఎంఐ లాంటి ‘ఫ్రీ’ గేములో దొంగతనం లేదు, వైరస్ బెడద లేదు. కానీ తుపాకీకి కొత్త రంగు, రాయల్ పాస్ (అదనపు బహుమతులిచ్చే టికెట్), యూసీ (గేములో చెల్లే డబ్బు) అంటూ నూరు, రెండు నూర్లుగా పోయేదానికి లెక్క ఉండదు. ఏడాదిలో పెట్టింది కూడితే సేల్‌లో రెండు మూడు మంచి గేములు వచ్చేవి. చెయ్యి ఆగనివాడికి మూడింటిలో ఇదే ఖరీదైనది.

నన్నడిగితే స్టూడెంట్‌కు మొదటి మెట్టు ఎపిక్ స్టోర్ అనే మరో ఆన్‌లైన్ దుకాణంలో న్యాయంగా ఉచితంగా ఇచ్చే గేములు; 2020 మే నెలలో జీటీఏ 5ను కూడా అట్లాగే ఇచ్చారు. రెండోది సేల్. స్టీమ్‌లో పెద్ద సేల్స్ జూన్ చివర్లో, డిసెంబరు చివర్లో వస్తాయి. ఒక్క గేముకే పైసలుంటే చిన్న స్టూడియోది ఇప్పుడే కొని, పెద్ద కంపెనీది ఏడాది ఆగి సగం ధరకు కొనండి. గచ్చిబౌలిలో నెలనెలా జీతం పడుతున్నా ఊరికి వచ్చినప్పుడల్లా హార్డ్‌డిస్క్ నింపుకొని పోయే అన్నలకు ఈ సలహాలేవీ వర్తించవు. విడుదల రోజునే పూర్తి ధర పెట్టి కొనుక్కోవచ్చు వాళ్లు.