మా బడిలోని వాటర్ కూలర్: ఏడాది వాడకం తరువాత

చిత్తూరులో మా పిల్లలు చదివే బడిలో నిరుడు వేసవికి ముందు అమర్చిన నాలుగు కుళాయిల స్టీలు వాటర్ కూలర్‌ను ఏడాదిగా గమనిస్తున్నాను. నీరు చల్లగానే వస్తుంది. అయితే భోజనం గంట కొట్టగానే పిల్లలందరూ ఒక్కసారిగా చేరడంతో తొట్టిలోని చల్లని నీరు కాసేపటికే అయిపోయి, చివర నిలబడినవారికి మామూలు నీరే దక్కుతోంది. కొనేటప్పుడు తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయని అడిగాము గాని, గంటకు ఎన్ని లీటర్లు చల్లబరుస్తుందని అడగకపోవడం మా పొరపాటే.

మాది బోరు నీరు కాబట్టి ఆర్‌.ఓ. శుద్ధి తప్పలేదు. తాగునీటికి భారత ప్రమాణమైన ఐ.ఎస్. 10500 ప్రకారం నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీటి వసతి లేనిచోట మాత్రం ఫ్లోరైడును 1.5 వరకు అనుమతిస్తారు. శుద్ధిలో వృథాగా పోయే నీటిలో ఉప్పు మరింత చిక్కబడుతుంది కనుక, దానిని మొక్కలకు పోయకుండా మరుగుదొడ్లకు మళ్లించాము.

నోటికి నేరుగా నీరు చిమ్మే రకం తీసుకోకపోవడం మంచిదైంది; ఎత్తి పోసుకుని తాగే అలవాటున్న మన పిల్లలకు సీసా పట్టే కుళాయిలే అనువు. ఒకటో తరగతివారికి అవి అందకపోవడంతో ఇటుకలతో మెట్టు కట్టించాము. ఫిల్టరు మార్చే మనిషి మాత్రం మూడుసార్లు ఫోను చేస్తే గాని రాడు.