ఖాళీ డ్రాప్‌డౌన్ విషయంలో లారావెల్ (పీహెచ్‌పీలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ఎంతవరకు నమ్మదగ్గది?

ఫారంలో “మండలం ఎంచుకోండి” గడిని ముట్టుకోకుండా సేవ్ నొక్కితే బ్రౌజర్ నుంచి వచ్చేది నల్ (విలువే లేదన్న గుర్తు) కాదు, ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరమూ లేని పాఠం). అదీ ఆ ఆప్షన్‌కు వాల్యూ ఖాళీగా రాసి ఉంటేనే. వాల్యూ అట్రిబ్యూటే రాయకపోతే “మండలం ఎంచుకోండి” అన్న మాటే డేటాగా వచ్చేస్తుంది. ఖాళీ స్ట్రింగ్ ఇంటిజర్ (పూర్ణాంకాల) కాలమ్‌కు చేరితే ఒక్కో డేటాబేస్ ఒక్కోలా ప్రవర్తిస్తుంది. మైఎస్‌క్యూఎల్ స్ట్రిక్ట్ మోడ్‌లో (తప్పు విలువలను తిరస్కరించే అమరికలో) 1366 ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, స్ట్రిక్ట్ తీసేస్తే 0 రాసుకుని సాగిపోతుంది. పోస్ట్‌గ్రెస్ అసలు ఒప్పుకోదు. ఎస్‌క్యూలైట్‌లో ఫారెన్ కీ (ఆ విలువ మరో టేబుల్‌లో ఉండి తీరాలన్న షరతు) లేకపోతే ఖాళీ స్ట్రింగే కాలమ్‌లో కూర్చుంటుంది. సొంత మెషీన్లో ఎస్‌క్యూలైట్ మీద టెస్టులన్నీ పాసై, సర్వర్లో మైఎస్‌క్యూఎల్ దగ్గర సేవ్ ఆగిపోవడానికి ఇదొక కారణం.

2017లో వచ్చిన 5.4 వెర్షన్ నుంచి లారావెల్ ఈ పని తన మీద వేసుకుంది. ‘కన్వర్ట్ ఎంప్టీ స్ట్రింగ్స్ టు నల్’ అనే మిడిల్‌వేర్ (రిక్వెస్టు మన కోడ్‌కు చేరేముందు నడిచే పొర) ప్రతి రిక్వెస్టులోని ఖాళీ స్ట్రింగ్‌లను, జేసన్‌లో వచ్చినవాటితో సహా, నల్‌గా మార్చేస్తుంది. ఈ ఫ్రేమ్‌వర్క్ తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఇదొకటి: చెప్పని విషయాన్ని చెప్పనట్టే దాచడం డేటాకు మర్యాద.

అయితే మిగతా సగం మన పనే. వాలిడేషన్‌లో (వచ్చిన డేటా సరైనదేనా అని చూసే దశలో) ఇంటిజర్, ఎగ్జిస్ట్స్ (ఆ విలువ టేబుల్‌లో ఉందా అని చూసేది) రూల్స్ మాత్రమే పెట్టి, నల్ రావచ్చని చెప్పే నల్లబుల్ మరిచిపోతే, ఐచ్ఛికమైన మండలం గడిని వదిలేసినవాళ్లకు కూడా “పూర్ణాంకం ఉండాలి” అన్న ఎర్రర్ వస్తుంది. దానికి విసిగి మిడిల్‌వేర్‌నే తీసేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. లారావెల్‌లో ఖాళీ స్ట్రింగ్ మీద రిక్వైర్డ్ లాంటి కొన్ని రూల్స్ తప్ప మామూలు రూల్స్ అసలు నడవవు. అంటే ఇంటిజర్, ఎగ్జిస్ట్స్ రెండూ ఉన్నా ఖాళీ స్ట్రింగ్ వాటిని దాటుకుని నేరుగా డేటాబేస్ దాకా పోతుంది. నల్లబుల్ ఒక్కటి చేర్చడమే సరైన మందు. మైగ్రేషన్‌లోనూ (టేబుల్ నిర్మాణం రాసే ఫైల్లో) ఫారెన్ ఐడీకి నల్లబుల్ పెట్టాలి, అదీ ఫారెన్ కీ తగిలించే కన్‌స్ట్రెయిన్డ్ కన్నా ముందే.

నాకు నచ్చనివి రెండున్నాయి. రిక్వెస్ట్ మీద ఇంటిజర్ మెథడ్ పిలిస్తే నల్ కాస్తా 0 అవుతుంది; మిడిల్‌వేర్ చేసిన మేలంతా అక్కడ పోతుంది. 0 ఐడీ గల మండలం ఉండదు కాబట్టి ఫారెన్ కీ ఉంటే మైఎస్‌క్యూఎల్‌లో 1452 ఎర్రర్ (ఫారెన్ కీ షరతు తప్పిందని) వస్తుంది. లేకపోతే ఆ రికార్డు ఇన్నర్ జాయిన్ (రెండు టేబుళ్లలోనూ జత ఉన్న వరసలనే చూపే కలయిక) వేసిన రిపోర్టుల్లో మాయమవుతుంది. నల్‌కూ ఇన్నర్ జాయిన్‌లో జత దొరకదు, కానీ వేర్ నల్ అని అడిగి తేలిగ్గా పట్టుకోవచ్చు, జత లేని వరసలనూ ఉంచే లెఫ్ట్ జాయిన్‌తో చూపించవచ్చు. రెండోది, ఇన్‌పుట్ మెథడ్‌కు ఇచ్చే డీఫాల్ట్ (విలువ లేకుంటే వాడే ప్రత్యామ్నాయం). రిక్వెస్టులో ఆ గడి పేరు, అంటే కీ, లేనప్పుడే అది పనిచేస్తుంది. కీ వచ్చి విలువ నల్ అయితే నల్లే చేతికొస్తుంది. అందుకే ఐడీని వాలిడేటెడ్ మెథడ్ ఇచ్చిన అరే (వాలిడేషన్ దాటిన విలువల జాబితా) నుంచి ఉన్నదున్నట్టు తీసుకోవడం క్షేమం.

అసలు కీయే రాని సందర్భాలు వేరు. డిజేబుల్ చేసిన డ్రాప్‌డౌన్, డిజేబుల్ చేసిన ప్లేస్‌హోల్డర్ ఆప్షనే ఎంపికై ఉన్న డ్రాప్‌డౌన్, ఒక్కటీ ఎంచని మల్టిపుల్ సెలెక్ట్: వీటి నుంచి బ్రౌజర్ ఏమీ పంపదు. వాలిడేటెడ్ అరేలో కీ లేదు కాబట్టి అప్‌డేట్ ఆ కాలమ్ జోలికి పోదు, పాత విలువే మిగిలిపోతుంది. ఇది లారావెల్ తప్పు కాదు, హెచ్‌టీఎంఎల్ తీరు. ఎడిట్ ఫారంలో “ఏదీ కాదు” ఆప్షన్‌ను డిజేబుల్ చేయకుండా ఉంచాలి. మల్టిపుల్ అయితే, కీ లేకపోయినా నల్ వచ్చినా ఖాళీ అరేగా మార్చి, ఎంచినవాటికి తగ్గట్టు సంబంధాలను సరిచేసే సింక్ మెథడ్‌కు ఇవ్వాలి.

మొత్తం మీద ఐదుకు నాలుగు ఇస్తాను. కొత్త ప్రాజెక్టుకైతే రెండో ఆలోచన అక్కర్లేదు. ఇప్పటికే 0లు నిండిన పాత టేబుల్‌ను దీని మీదికి తెస్తుంటే ముందు కాలమ్‌ను నల్లబుల్ చేయండి, డీఫాల్ట్ 0 ఉంటే తీసేయండి, 0 ఉన్న వరసలన్నిటినీ నల్‌కు మార్చండి, ఆ తర్వాతే ఫారెన్ కీ కలపండి. 0లు ఉండగానే ఫారెన్ కీ కలిపితే మైగ్రేషన్ మధ్యలోనే 1452 దగ్గర నిలిచిపోతుంది.