క్వాంటమ్‌లో తొలి అడుగు: ఐబీఎం ఆన్‌లైన్ స్కూలా, వాటర్లూ ల్యాబా?

బీటెక్ మూడో ఏడాదిలో క్వాంటమ్ కంప్యూటింగ్ మీదకు మనసు మళ్లినవాళ్లు ముందుగా చూడాల్సింది కిస్కిట్ గ్లోబల్ సమ్మర్ స్కూల్. కిస్కిట్ అంటే క్వాంటమ్ ప్రోగ్రాములు రాయడానికి ఐబీఎం తెచ్చిన సాఫ్ట్‌వేర్; ఈ స్కూల్‌ని ఆ సంస్థే 2020లో మొదలుపెట్టింది. ఫీజు లేదు, ఇంట్లో కూర్చునే చేయొచ్చు. కాస్త పైథాన్ వచ్చి, ఇంటర్‌లో చదివిన మాత్రికలు గుర్తుంటే చాలు. రుచి చూడాలంటే, ఒక క్యూబిట్‌కి (క్వాంటమ్ కంప్యూటర్‌లో బిట్ లాంటిది) 0, 1 రెండింటికీ సమాన అవకాశం ఇచ్చే హడమార్డ్ గేట్ పెట్టి, మొదటిది 1 అయితే రెండోదాన్ని తిప్పే సీనాట్ గేట్‌తో రెండో క్యూబిట్‌కి కలిపి వెయ్యిసార్లు రన్ చేయండి. సిమ్యులేటర్‌లో, అంటే మామూలు కంప్యూటర్ మీద నడిచే నకలులో, 00, 11 దాదాపు చెరిసగం వస్తాయి, 01, 10 అసలు రావు. అదే నిజమైన క్వాంటమ్ యంత్రం మీద నడిపితే పొరపాట్ల వల్ల ఆ 01, 10 కూడా కొన్ని తొంగిచూస్తాయి. క్వాంటమ్ కంప్యూటర్ల అసలు తలనొప్పి ఆ కొన్నింటిలోనే ఉంది.

కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ నడిపే యూసెకిప్ (USEQIP) అనే డిగ్రీ విద్యార్థుల క్వాంటమ్ ప్రయోగాల స్కూల్ వేరే రకం. రెండు వారాలు అక్కడే ఉండి, పాఠాలతోపాటు ల్యాబ్‌లో ప్రయోగాలు స్వయంగా చేయాలి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, ఎంపికైనా వీసా టెన్షన్ తప్పదు.

కోడింగ్ ఇష్టమైతే కిస్కిట్ చాలు. పరికరాల మీద పీహెచ్‌డీ చేయాలనుకుంటే మాత్రం ఎంత శ్రమైనా వాటర్లూకి అప్లై చేయమంటాను. ముందు కిస్కిట్ పూర్తి చేసి ఉంటే అప్లికేషన్‌లో రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది కూడా.