సెకండ్‌హ్యాండ్ డీజిల్ పికప్ కొంటున్నవాళ్ళు జాగ్రత్త: మెరిసే కొత్త పార్టులు చూసి నమ్మకండి

కోపం చల్లారాక రాద్దామనుకుంటే ఈలోపు నాకు పాడైన డీజిల్ పికప్ అంటగట్టినాయన దగ్గర ఇంకెవరో ఇంకో బండి కొనేస్తారు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఆయనెవరో మీలో చాలామందికి తెలుసు. అమెరికాలో మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో పికప్‌లు, ట్రైలర్లు అమ్మకానికి పెడుతూ, ఎవరు ఏ బండి గురించి అడిగినా ముందుగా జవాబిచ్చే మనిషి. డీలర్ లైసెన్సు కూడా ఉంది. పేరు ఇక్కడ రాయను. నాకు ట్రైలర్ లాగడానికి త్రీ క్వార్టర్ టన్ (హెవీ డ్యూటీ) డీజిల్ పికప్ కావాలన్నాను. చూపించాడు, నడిపి చూశాను, శబ్దం బాగుంది, పొగ లేదు, డబ్బు కట్టాను. కొనేముందు మెసేజ్‌లో స్పష్టంగా అడిగాను: "అన్నా, ఫ్యూయల్ సిస్టమ్‌లో ఎప్పుడైనా ప్రాబ్లం వచ్చిందా?" "ఏమీ లేదు తమ్ముడూ, ఫుల్ క్లీన్. ఫిల్టర్లు కూడా నేనే కొత్తవి వేయించా" అని జవాబిచ్చాడు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ట్రైలర్ తగిలించి హైవే ఎక్కిన మొదటిసారే ఎత్తు దగ్గర పవర్ పడిపోయింది. ఇంజిన్ లైటు వెలిగింది, కాసేపటికే ఇంజిన్ ఆగిపోయింది. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ పోతుంది. ఈ సైజు డీజిల్ బళ్ళలో చాలావాటికి బ్రేకులకు సాయం కూడా ఆ స్టీరింగ్ పంపు నుంచే వస్తుంది. వెనక పిల్లలు, దాని వెనక ట్రైలర్, పక్కనుంచి సెమీ ట్రక్కులు దూసుకుపోతున్నాయి. స్టీరింగ్‌ను బలమంతా పెట్టి తిప్పి, ఎలాగో రోడ్డు పక్క షోల్డర్ మీదికి తెచ్చాను. మా ఆవిడ చేతుల వణుకు ఇంటికి చేరాక కూడా తగ్గలేదు. డబ్బు పోయిందన్న బాధ కంటే నాకు ఇదే ఎక్కువ మండుతోంది.

మెకానిక్ స్కానర్ పెడితే పీ0087 అనే లోపం కోడ్ వచ్చింది. అంటే ఫ్యూయల్ రైల్‌లో (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు దాన్ని పంచే గొట్టం) ఉండాల్సినంత ప్రెషర్ లేదు. ఆయన ఫిల్టర్ హౌసింగ్ విప్పి నన్ను దగ్గరికి పిలిచాడు. ఫిల్టర్ సరికొత్తది, మరక కూడా లేదు. హౌసింగ్ అడుగున మాత్రం సన్నటి ఇనుప రజను, టార్చ్ వేస్తే తళతళ మెరుస్తోంది. పంపు మీదున్న వాల్వ్ ఊడదీస్తే దాని జల్లెడలోనూ అదే. "ఈ ఫిల్టర్ మార్చినవాళ్ళు దీన్ని చూడకుండా ఉండే అవకాశమే లేదు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

రజను కనిపిస్తే అంత భయం ఎందుకో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సీపీ4 అనే హై ప్రెషర్ పంపు డీజిల్‌ను దాదాపు 2,000 బార్ దాకా, అంటే 29,000 పీఎస్ఐ దాకా నొక్కి పంపుతుంది. పంపు లోపల కదిలే భాగాలకు జారుడు ఇచ్చేది ఆ డీజిలే. లోపలి రోలర్ కాస్త పక్కకు తిరిగితే చాలు, తిరిగే క్యామ్ ఇరుసు మీద దొర్లడం మానేసి దాన్ని గీకడం మొదలుపెడుతుంది. అలా రాలిన రజను ఇంజెక్టర్లలోకి పోతుంది, రిటర్న్ లైన్లో ట్యాంకుకు పోతుంది, మళ్ళీ తిరిగొస్తుంది. అమెరికా డీజిల్‌కు ఆ జారుడు గుణం యూరప్ డీజిల్ కంటే తక్కువున్నా ప్రమాణాలు ఒప్పుకుంటాయి. పరీక్షలో అరుగుదల గుర్తు (పెద్దదైతే జారుడు తక్కువని) ఇక్కడ 520 మైక్రాన్ల దాకా ఉండొచ్చు, అక్కడ 460 దాటకూడదు. 2011 నుంచి 2016 దాకా వచ్చిన జీఎం 6.6 డ్యూరామాక్స్ ఇంజిన్లలో, 2011 నుంచి వచ్చిన ఫోర్డ్ 6.7 పవర్‌స్ట్రోక్ ఇంజిన్లలో ఉన్నది ఈ పంపే. 2019, 2020 కమిన్స్ ర్యామ్‌లలోనూ ఇదే పెట్టి, తర్వాత రీకాల్ చేసి పాత సీపీ3 పంపు వేశారు. ఏ బ్రాండు మంచిదనే గొడవ ఇక్కడ వద్దు, ఏది కొన్నా ముందు ఈ పంపు సంగతి కనుక్కోండి.

పంపు ఒక్కటి మారిస్తే సరిపోదు. ఇంజెక్టర్లన్నీ, ఫ్యూయల్ రైల్స్, పైపులు మార్చాలి, ట్యాంకు దించి కడగాలి. ఒక్క పైపులో కాస్త రజను మిగిలినా కొత్త ఇంజెక్టర్లు మళ్ళీ పోతాయి. మెకానిక్ ఇచ్చిన ఎస్టిమేట్ 11 వేల డాలర్లు.

అక్కడే నిలబడి బండి అమ్మినాయనకు ఫోన్ చేశాను. మొదట చాలా ప్రేమగా మాట్లాడాడు. "పాత బండి కదా తమ్ముడూ, పాత బండికి వచ్చే జబ్బులే వస్తాయి" అన్నాడు. "అన్నా, ఫిల్టర్ మీరే మార్పించామన్నారు కదా. అప్పుడు రజను కనబడలేదా?" అని అడిగాను. కాసేపు మాట లేదు. తర్వాత అన్న మాట ఇది: "కనబడితే నీకు చెప్పాలని రూలుందా? యాజ్ ఈజ్, ఉన్నది ఉన్నట్టే, అని కాగితం మీద ఉంది, సంతకం నీది."

పిల్లలున్నారు, ట్రైలర్ లాగుతాను అని మొదటి రోజే చెప్పాను. మా పిల్లల్ని ఆ బండిలో కూర్చోబెట్టి తాళం చేతికిచ్చిన మనిషి నోట్లోంచి వచ్చిన మాట అది. రజను కనబడలేదని కూడా అనలేదు. ఆ సాయంత్రమే నన్ను గ్రూపులోంచి తీసేశాడు.

రూలు సంగతి కూడా వెతికాను. డీలర్లు పాత కార్ల అద్దానికి బయ్యర్స్ గైడ్ (వారంటీ ఉందో లేదో చెప్పే కాగితం) అంటించాలనే ఫెడరల్ రూలు 8,500 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ (సరుకుతో కలిపి బండికి అనుమతించిన గరిష్ఠ బరువు) లోపు బళ్ళకే వర్తిస్తుంది. హెవీ డ్యూటీ పికప్‌లు సాధారణంగా అది దాటతాయి. అంటే చిన్న కారు కొనేవాడికి ఉన్న ఆ కాస్త రక్షణ కూడా మనకు లేదు. కానీ యాజ్ ఈజ్ అంటే వారంటీ లేదని మాత్రమే అర్థం. అడిగిన ప్రశ్నకు తెలిసి తెలిసి అబద్ధం చెప్పడానికి అది లైసెన్సు కాదు. మెసేజ్‌లు, ఫొటోలు, మెకానిక్ రాసిచ్చిన కాగితం అన్నీ జతచేసి స్టేట్ అటార్నీ జనరల్ ఆఫీసులో ఫిర్యాదు ఇస్తున్నాను.

మెకానిక్ మిగతా బండి కూడా చూశాడు. స్టీరింగ్ డ్యాంపర్ కొత్తది, కానీ ముందు చక్రాలను పట్టి ఉంచే ట్రాక్ బార్ బుష్‌లు, బాల్ జాయింట్లు లొడలొడ. కొత్త డ్యాంపర్ వేస్తే ముందు చక్రాల వణుకు కొన్నాళ్ళు కనబడదు, టెస్ట్ డ్రైవ్‌కు అది చాలు. ఫ్రేముకు కొత్తగా నల్ల కోటింగ్ కొట్టారు, స్క్రూడ్రైవర్‌తో గీస్తే లోపల తుప్పు పెచ్చులుగా ఊడింది. చవకైన పార్టులన్నీ కొత్తవి, ఖరీదైనవన్నీ పోయినవే. ఇదంతా అనుకోకుండా జరిగిందంటే నేను నమ్మను.

కొనేవాళ్ళు ఓ స్కానర్ పట్టుకెళ్ళండి. రెడీనెస్ మానిటర్లు (బండి తనను తాను చేసుకునే పరీక్షలు) "నాట్ రెడీ" అని చూపిస్తే ఈ మధ్యే లోపాల కోడ్లు చెరిపేసి ఉండొచ్చు, బ్యాటరీ తీసి పెట్టినా అలాగే చూపిస్తుంది. ఏది కారణమో తేలేదాకా డబ్బు ఇవ్వకండి. 2010 తర్వాత వచ్చిన బళ్ళలో పర్మనెంట్ కోడ్లు ఉంటాయి, వాటిని స్కానర్‌తో చెరపలేరు, అవి తప్పకుండా చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. పొగ కాలుష్యం తగ్గించే డీపీఎఫ్, ఈజీఆర్ తీసేసిన బండి జోలికే వెళ్ళకండి. అలా తీసేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం, తర్వాత చాలా షాపులు ఆ బండిని ముట్టుకోవు. అన్నిటికంటే ముఖ్యం, డీజిల్ తెలిసిన మెకానిక్‌తో ఫిల్టర్ హౌసింగ్ విప్పించండి. అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే అక్కడినుంచి వచ్చేయండి.

నాకు బండి అమ్మినాయన నిన్న మళ్ళీ ఇంకో డీజిల్ అమ్మకానికి పెట్టాడట, అందులోనూ "కొత్త ఫిల్టర్లు" అని రాశాడట. దాని మీద కన్నేసినవాళ్ళు ముందు నాకు మెసేజ్ పెట్టండి. నా బండి ఫొటోలు, ఆయన రాసిన జవాబు రెండూ పంపిస్తాను.