ఉన్ని తప్ప వేరే పోగు కలవని గొంగడి: దేవరకద్ర పక్క ఊర్లో కొన్నది

మహబూబ్‌నగర్‌లో నాకు టైలరింగ్ షాపు ఉంది. పొద్దంతా చేతుల్లో బట్టే కాబట్టి, ఏది కొన్నా ముందు పోగు పీకి చూడడం అలవాటు. ఈ గొంగడికీ అంతే. అంచు నుంచి ఒక పోగు అడిగి తీసుకుని అగ్గిపుల్ల ముట్టించాను. కాలిన వెంట్రుకల వాసన వచ్చింది, వేళ్ల మధ్య నలిపితే బూడిదై రాలింది. అక్రిలిక్ కలిసి ఉంటే కరిగి గట్టి ముద్ద కట్టేది. బజారులో గొంగడి అని చెప్పి అమ్మే వాటిల్లో చాలావరకు అట్లా ముద్ద కట్టేవే. పానిపట్ నుంచి పాత బట్టల దారంతో నేసిన దుప్పట్లు కూడా వస్తుంటాయి. వాటి ధర తక్కువే, కానీ రెండు చలికాలాలు గడిచేసరికి నలిగి పీలికలవుతాయి.

నేను కొన్నది ఊర్లో గొర్రెలు కాసే ఒక కురుమల ఇంట్లో. పెద్దమ్మ వడుకుతుంది, పెద్దయ్య గుంటమగ్గం మీద నేస్తాడు. ధర 3,500. ఇద్దరు నిండుగా కప్పుకోవచ్చు. రంగు వేయలేదు, గొర్రె ఒంటి మీది నలుపే.

ఆ నలుపు గురించి కొంచెం చెప్పాలి. దూరం నుంచి చూస్తే అంతా ఒకటే నలుపు. వాకిట్లో వెలుతురుకు పరిచి చూస్తే మధ్యలో ముదురు, పక్కలకు వచ్చేకొద్దీ గోధుమ ఛాయ, అక్కడక్కడా బూడిద రంగు పోగులు. మొదటిసారి కత్తిరించిన గొర్రెపిల్లల ఉన్ని కారునలుపుగా, మెత్తగా ఉంటుందట. ఎండలో మేసే గొర్రెల ఉన్ని కొసలు గోధుమ రంగుకు తిరుగుతాయి. వయసు మీద పడ్డ గొర్రెలది నెరుస్తుంది. పెద్దమ్మ ఈ మూడింటినీ వేరు వేరు కుప్పలు పోసుకుంది. ఏ కుప్ప ఎక్కడికి పోవాలో ఆమెకు ముందే తెలుసు. మెత్తటిది మెడకు తగిలేచోటికి, గరుకుది కింద పరుచుకునేచోటికి. అంచుకు మాత్రం తెల్ల గొర్రె ఉన్నితో సన్నని గీత ఒకటి వేశారు. అది చూస్తే తమ గొంగడి ఎవరింట్లో ఉన్నా గుర్తుపడతామని పెద్దయ్య అన్నాడు. పేరు కుట్టాల్సిన పని లేదు.

మిల్లు దారం కలిపితే సులువు కదా అని అడిగాను. "అల్కగనే అయితది బిడ్డా. పోగు తెగది, చెయ్యి నొయ్యది. గని అది మా గొంగడి గాదు" అంది పెద్దమ్మ. అది అమ్మకం కోసం అన్న మాట కాదని అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. కురుమల్లో ఉన్ని కంకణం వాళ్లు, పత్తి కంకణం వాళ్లు అని రెండు శాఖలున్నాయి. పెళ్లిలో చేతికి కట్టే కంకణం ఉన్నిదా నూలుదా అన్నదాన్ని బట్టి ఆ పేర్లు. ఏ పోగు కట్టుకుంటారో దాన్నిబట్టే తామెవరో చెప్పుకునే మనుషులు మగ్గం మీదికి ఏది పడితే అది ఎక్కిస్తారా? గద్దర్ భుజం మీద గొంగడి, చేతిలో కర్రతో వేదికెక్కితే, నోరు తెరవకముందే ఆయన ఎవరి పక్షమో జనానికి తెలిసేది. ఆ బలం ఈ నల్ల ఉన్నిదే అని నా నమ్మకం.

మన దిక్కు చేతిపని అంతా ఇట్లాంటిదే. గద్వాల చీరకు ఫాల్ కుట్టేటప్పుడు నూలు ఒళ్లు, పట్టు అంచు కలిసేచోట నా సూది ఆగుతుంది. పుట్టపాకలో తేలియా రుమాలు అనే చేనేత గుడ్డ నేసేవాళ్లు నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో నానబెట్టి పెడతారు. 2020లో దానికి జీఐ, అంటే ఆ ప్రాంతానికే చెందిన సరుకన్న గుర్తింపు కూడా వచ్చింది. కానీ గొంగడికి ముడిసరుకు చేను నుంచి కాదు, మంద నుంచి రావాలి. చిక్కంతా అక్కడే. ఉన్ని ఇచ్చేది దక్కని జాతి గొర్రె. పుట్టే పిల్ల మాంసానికి బాగా తూగుతుందని చాలామంది దాన్ని నెల్లూరు పొట్టేళ్లతో దాటిస్తున్నారు. నెల్లూరు గొర్రెకు ఉన్ని రాదు, ఉండేది పొట్టి వెంట్రుకే. పెంచేవాళ్లను తప్పుపట్టలేం, వాళ్ల బతుకు వాళ్లది. పెద్దయ్య మాత్రం ఉన్ని కోసం మూడు నాలుగు ఊర్లు తిరుగుతున్నాడు.

ఇక వాడకం. జడివానలో ముసుగేసుకుని షాపు నుంచి ఇంటిదాకా నడిచాను. చినుకులు పైపైనే జారిపోయాయి, లోపల చీర తడవలేదు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియదు. పైగా పడుగుకు, అంటే నిలువు పోగులకు, చింతగింజల గంజి గట్టిగా పెడతారు కాబట్టి కొత్తలో బిగుతుగా ఉంటుంది. పూర్తిగా నానితే మాత్రం బరువెక్కుతుంది. గొర్రె వాసన కూడా వస్తుంది. ఆరబెడితే పోతుంది.

గరుకు గరుకే. మెత్తటి ఒళ్లున్నవాళ్లు లోపల నూలు దుప్పటి వేసుకోవాలి. మొదట్లో బొచ్చు రాలుతుంది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవద్దని ఊరికే అనలేదు పెద్దలు! వేడినీళ్లు, వాషింగ్ మిషన్ అసలు వద్దు, ముడుచుకుని అట్టకట్టిపోతుంది. ఎండలో దులపండి, పెట్టెలో వేపాకు వేసి పెట్టండి, పురుగు పట్టదు.

ధర ఎక్కువని మా షాపుకు వచ్చినవాళ్లు అంటున్నారు. ఉన్ని కత్తిరించి, ఏకి, వడికి, గంజి పెట్టి, నేసేదాకా ఎన్ని చేతులు, ఎన్ని రోజులో చూసినదాన్ని. నా దృష్టిలో ఇది తక్కువే. బేరం చేయకండి.

తయారుగా దొరకదు. కత్తిరింపు ఏడాదికి రెండుసార్లే, ఉన్ని చేతికొచ్చాకే మగ్గం ఎక్కుతుంది. కొంత బయానా ఇచ్చి ముందే చెప్పిపెట్టుకోవాలి. అంచు గీత లేకుండా కావాలంటే మాత్రం వాళ్లు నేయరు, నేను అడిగి చూశాను.