గొరొప్పు లోయకు నురాగికా కొలంబైన్ కోసం: దారులు, బసలు, సదుపాయాలు

ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపపు తూర్పు భాగంలో, సుప్రమోంతె సున్నపురాతి కొండలను ఫ్లుమినెద్దు నది కోసుకుంటూ పోగా ఏర్పడిన ఇరుకు లోయ గొరొప్పు. కొన్నిచోట్ల 500 మీటర్ల దాకా నిటారుగా లేచిన దాని రాతిగోడల మీద, ప్రపంచంలో మరెక్కడా కనిపించని ఆక్విలీజియా నురాగికా అనే కొలంబైన్ పూలమొక్క జాతి బతుకుతోంది. అర్రిగోని, నార్ది అనే ఇటలీ వృక్షశాస్త్రజ్ఞులు 1978లో దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. మధ్యధరా ద్వీపాల్లో అత్యంత ప్రమాదంలో ఉన్న 50 మొక్కల జాబితాలో దీన్ని చేర్చినప్పుడు లెక్కకు వచ్చినవి 10 నుంచి 15 మొక్కలు మాత్రమే. మన నల్లజీలకర్ర కుటుంబానికే చెందిన ఈ మొక్క లేతనీలి పువ్వులు పూస్తుంది. ప్రతి రేకు వెనుకకు సాగి, తేనె దాచుకునే సన్నని కొమ్ములా ముగుస్తుంది.

పువ్వును దగ్గర నుంచి చూడాలనే ఆశతో మాత్రం ఎవరూ బయలుదేరకూడదు. లోయ ముఖద్వారం దగ్గర టికెట్టు ఇచ్చే సిబ్బంది పటం చూపి, నడక మార్గాన్ని ఓపికగా వివరిస్తారు గాని, మొక్క ఉన్న చోటు అడిగితే చిరునవ్వుతో మాట మార్చేస్తారు. అరుదైన మొక్కలను పెకలించుకుపోయే సేకర్తల బెడద ఉన్నప్పుడు అలా దాచడమే సరైన పని అని నా అభిప్రాయం. దుర్భిణితో గోడలను వెతికినప్పుడు ఒక పగులులో లేతరంగు చుక్కలు కనిపించాయి. అవి నురాగికావేనని నేను ప్రమాణం చేయలేను.

లోయకు చేరే ప్రధాన దారులు రెండు. 125వ నంబరు జాతీయ రహదారి మీద, 1,017 మీటర్ల ఎత్తున ఉన్న జెన్నా సిలానా కనుమ నుంచి దిగే దారిలో దృశ్యాలు అద్భుతంగా ఉంటాయి, కానీ దిగిన ఎత్తంతా మధ్యాహ్నపు ఎండలో తిరిగి ఎక్కాలి. దోర్గాలి వైపు సా బార్వా వంతెన నుంచి నదిని ఆనుకుని సాగే దారి పొడవైనదే అయినా ఎగుడుదిగుళ్లు తక్కువ. పెద్దవాళ్లు వెంట ఉంటే దీన్నే ఎంచుకోవాలి. కొంత దూరం జీపులో చేర్చే ఏర్పాటు ఉందేమో నడక మొదలుపెట్టకముందే కనుక్కోవడం మంచిది. లోపలి మార్గాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు భాగాలుగా విభజించారు. బండరాళ్ల మీద చేతులు ఆన్చి ఎక్కగలిగినవారికి పసుపు భాగం వరకు సాధ్యమే, ఎరుపు భాగం తాళ్లు, గైడు ఉన్నవారికే. వేసవిలో నది చాలావరకు రాళ్ల కిందే ప్రవహిస్తుంది కాబట్టి తాగునీరు వెంట తీసుకెళ్లాలి. వాన సూచన ఉన్న రోజున వెళ్లకూడదు.

బస విషయంలో సముద్రతీరపు కాలా గొనోనె కంటే కొండవాలు మీది దోర్గాలి పట్టణమే మేలనిపించింది. కాలా గొనోనెలో మేము దిగిన చోట సముద్రం కనిపించే గదికి అదనంగా వసూలు చేశారు, కానీ ఉదయం నడకకు బయలుదేరే వేళకు ఫలహారం సిద్ధం కాలేదు. కాలా లూనా అనే బీచికి పడవలో వెళ్లాలనుకునేవారికి ఆ ఊరు అనుకూలమే. దోర్గాలి దగ్గరి ఒక వ్యవసాయ క్షేత్రపు బసలో గది సాదాగా ఉన్నా, భోజనం దివ్యంగా ఉంది: బంగాళాదుంప, గొర్రెపాల చీజు, పుదీనా కూరిన కులుర్జోనెస్ అనే పాస్తా, అప్పడంలా పలుచగా కరకరలాడే కరసావు రొట్టె. అయితే ఆ చీజు తయారీలో జంతువుల రెన్నెట్ (పాలు విరిగేలా చేసే, పశువుల పిల్లల కడుపు నుంచి తీసే పదార్థం) వాడతారు కాబట్టి పూర్తి శాకాహారులు ముందే అడిగి తెలుసుకోవాలి.

లోయ తర్వాత ఒక పూట మిగిలితే కుడ్యచిత్రాల ఊరు ఓర్గోసోలో చూడవచ్చు. మొక్కల మీదే ఆసక్తి ఉన్నవారు ద్వీప రాజధాని కాల్యరిలోని విశ్వవిద్యాలయపు వృక్షోద్యానాన్ని వదులుకోకూడదు. 1866లో ప్రారంభమైన ఆ తోటలో రోమన్ల కాలపు నీటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి, ద్వీపపు అరుదైన మొక్కల విత్తనాలను భద్రపరిచే బ్యాంకు కూడా ఆ విశ్వవిద్యాలయానిదే.

బస్సులున్నా నడక మొదలయ్యే చోటులకు వాటి వేళలు కుదరవు గనుక ద్వీపపు ఈశాన్యాన ఉన్న ఒల్బియా విమానాశ్రయంలో కారు అద్దెకు తీసుకోవడమే ఆచరణసాధ్యం. భారతీయ లైసెన్సు ఉన్నవారు అంతర్జాతీయ డ్రైవింగ్ అనుమతి పత్రాన్ని ఇంటి దగ్గరే తీసుకుని బయలుదేరాలి.